దీవి యొడ్డున చిన్న బస



సెలవు దినములలో సముద్రద్వీపములను చూచి వచ్చు కుటుంబములు నానాటికి హెచ్చుచున్నవి. పూర్వము అండమాను అను పేరు వినినంతనే ద్వీపాంతర శిక్షయు కారాగారమును మనస్సునకు తోచెడివి. ఇప్పుడా పేరు వినినవారికి తెల్లని ఇసుకయు, నీలపు నీరును, పగడపు దిబ్బలును తోచుచున్నవి. అయితే గొప్ప హోటళ్లలో దిగుటకు తగిన ధనము లేనివారు అచ్చట ఎట్లు ఉండగలరు, ఉండదలచినచో ముందుగా ఏమేమి ఎరిగి యుండవలెను అని పలువురు నన్నడిగిరి. గడచిన సంక్రాంతి సెలవులలో నేనును నా కుటుంబమును అండమానులలోని షహీద్ ద్వీపమున సముద్రపు టొడ్డుననున్న యొక చిన్న బసయింట అయిదు దినములు గడపితిమి. ఆ యనుభవమును, దానికి చేరిన శాస్త్ర విషయములను ఇందు వివరించుచున్నాను.

ముందుగా ఒక మాట. చిన్న బస యనునది ధనము తక్కువగా నున్నవానికి దొరకిన తక్కువ వస్తువు అని తలంపరాదు. గొప్ప హోటలు దీవిని అతిథి కంటబడకుండ దాచును. నీరు ఎచ్చటినుండి వచ్చెనో, దీపము ఎట్లు వెలుగుచున్నదో, కూర ఎవరి తోటలో పండెనో అచ్చట తెలియదు. చిన్న బస వీనిని దాచజాలదు. కావున నేర్చుకొనగోరువానికి అది మంచి పాఠశాల.

దీవి యెక్కడిది?

అండమాను ద్వీపములు బంగాళాఖాతమున, విశాఖపట్టణమునకు ఆగ్నేయముగా సుమారు 1200 కిలోమీటర్ల దూరమున నున్నవి. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయరునకు 2024 సెప్టెంబరునుండి శ్రీ విజయపురము అను పేరు వచ్చినది. ఆ రేవునుండి స్టీమరుపై ఇంచుమించు రెండు గంటలు ప్రయాణము చేసిన షహీద్ ద్వీపము కానవచ్చును. పూర్వము దీనిని 1857 నాటి ఆంగ్ల సేనాని పేరిట నీల్ ద్వీపమనెడివారు. 1943 డిసెంబరులో సుభాష్ చంద్రబోసు అండమానులకు వచ్చి, అండమానులకు షహీద్ అనియు నికోబారులకు స్వరాజ్ అనియు పేర్లు పెట్టెను. 2018 డిసెంబరులో ఆ పేర్లను నీల్, హావెలాక్ దీవులకు ప్రభుత్వమువారు ఉంచిరి.

దీవి చిన్నది. సైకిలుపై ఒక్క దినమున అంతయు చూడవచ్చును. ఊళ్ల పేర్లు మనకు పరిచితములే: సీతాపురము, భరతపురము, రామనగరము, లక్ష్మణపురము. 1960వ దశాబ్దమున తూర్పు బంగాళమునుండి శరణార్థులై వచ్చిన కుటుంబములను ఇచ్చట నిలిపిరి. వారు అడవిని కొట్టి, పొలములు చేసి, వరియు కూరగాయలును పండించిరి. నేడు చుట్టునున్న దీవులకును ఇచ్చటినుండి కాయగూరలు పోవుచుండును. మేము దిగిన బసయిల్లు అట్టి కుటుంబములలోని యొకరిది. ఇంటి పెరటిలో, కొబ్బరిచెట్ల నడుమ, రేకుల కప్పు గల నాలుగు గదులు. గదికొక మంచము, దోమతెర, ఒక బల్ల, ఒక దీపము. గడప దాటి నలువది అడుగులు వేసిన సముద్రము.

గడియారమును సూర్యుడును

తొలి సాయంకాలము నా గడియారము చెడెనని తలంచితిని. అయిదుంబావు అగునప్పటికే సూర్యుడస్తమించెను. మరునాడు ఆరు గంటలు కాకమునుపే వెలుగు గదినిండ నిండెను. కారణము భూగోళము చదివిన పిల్లలకు సులభముగా తెలియును. మన దేశమంతటికిని ఒక్కటే కాలము. ఆ కాలమును 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నిర్ణయించిరి. ఆ రేఖ మన కాకినాడ సమీపముగా పోవుచున్నది. షహీద్ ద్వీపము ఇంచుమించు 93 డిగ్రీల రేఖాంశముపై నున్నది. నడుమనున్నవి పదిన్నర డిగ్రీలు. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును గనుక, అచ్చటి సూర్యుడు గడియారముకంటె 42 నిమిషములు ముందుగా నడచును.

దీనివలన ఫలమేమి? బాటసారి తన దినచర్యను గడియారమునకు గాక సూర్యునికి అప్పగింపవలెను. పెందలకడ లేచి, పెందలకడ గూడు చేరవలెను. దీవిలో చీకటి పడిన పిమ్మట త్రోవలు నిర్మానుష్యములగును. విద్యుచ్ఛక్తియు ఎడతెగక యుండునని నమ్మరాదు. ఈ దీవులలో విద్యుత్తును అధికభాగము ఓడలపై వచ్చు డీజిలు నూనెతో పుట్టింతురు. అందుచేత చేతిదీపమొకటి వెంట నుండుట మేలు.

నూతిలోని తీయని నీరు

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చెదను. చుట్టును ఉప్పు సముద్రమై యుండగా, ఒడ్డునకు అంత దగ్గరనున్న నూతిలో తీయని నీరెట్లుండును?

వానలే దానికి మూలము. అండమానులలో ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. అది యిసుకలోను, సున్నపురాతి సందులలోను ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిని చేరును. మంచినీటికంటె సముద్రపు నీరు వేయింటికి ఇరువదియైదు వంతులు బరువైనది. కావున తీయని నీరు తేలికయై ఉప్పునీటిమీద తేలుచుండును. పిల్లలు ఇంటివద్ద దీనిని పరీక్షించి చూడవచ్చును. ఒక గాజు గ్లాసులో సగమువరకు బాగుగ ఉప్పు కలిపిన నీరు పోసి, రంగు వేసిన మంచినీటిని చెంచా మీదుగా మెల్లగా విడిచినచో, రంగునీరు పైననే నిలుచును. వేగముగా కలచినచో రెండును ఏకమగును.

హాలెండు దేశపు గైబెన్ అను ఇంజనీరు 1888 ప్రాంతమునను, జర్మనీ దేశపు హెర్జ్‌బర్గ్ 1901లోను ఈ విషయమును వేరువేరుగ లెక్కగట్టిరి. వారి లెక్క యిది. భూమిలోని తీయని నీరు సముద్రపు మట్టమునకు ఒక అడుగు ఎత్తున నిలిచినయెడల, ఆ మట్టమునకు దిగువను సుమారు 40 అడుగుల లోతువరకు తీయని నీరే యుండును. ఇది వినుటకు గొప్ప భాగ్యముగా తోచును గాని, దీనిలోనే అపాయమును గలదు. అధికముగా తోడి పై మట్టమును ఒక అడుగు తగ్గించినచో, కాలక్రమమున క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మరల తీపెక్కుటకు వానలకై కనిపెట్టుకొని యుండవలెను.

ఈ లెక్కను నేను తరగతిలో పలుమారు చెప్పియున్నాను. అయినను తొలిదినమున సముద్రస్నానము చేసివచ్చి, ఉప్పు పోవలెనని కొళాయి విప్పి, బకెట్టు నిండి పొర్లుచుండగా తీరికగా బట్టలు జాడించుకొంటిని. ఇంటి యజమానురాలు చూచెను గాని పల్లెత్తు మాట అనలేదు. ఆ సాయంకాలమున ఆమె బియ్యము కడిగిన నీటిని వంగమొక్కలకు పోయుచుండుట నా కంటబడెను. వంటయింట పనిచేయువాడు శ్రీకాకుళపు తీరమువాడు. మా మాట విని సంతోషముతో పలుకరించినవాడు. నేను నీటి సంగతి అడుగగా అతడిట్లనెను: “మాస్టరుగారూ, ఇప్పుడు నీళ్లు ఉన్నట్టే ఉంటాయండీ. మార్చి దాటిందంటే ఈ నుయ్యి ఉప్పెక్కిపోతుంది. మీరంతా వెళ్లిపోతారు. మేం ఇక్కడే ఉండాలి కదండీ.”

అతని మాటలో నిష్ఠురము లేదు. కాని నాకు సిగ్గు కలిగెను. లెక్క తెలిసియుండుటయు, దానిని ఆచరించుటయు వేరువేరని అప్పుడు గ్రహించితిని. నిమిషమునకు 8 లీటర్ల నీరు విడుచు షవరు క్రింద పది నిమిషములు నిలిచినచో 80 లీటర్లు వ్యయమగును. చెంబుతో స్నానము చేసినచో ఒక బకెట్టు, అనగా 15 మొదలు 20 లీటర్లు చాలును. మరునాటినుండి మేము నలుగురమును బకెట్టుతోనే సరిపెట్టుకొంటిమి.

పోటును పాటును

సముద్రపు నీరు పొంగుటను పోటనియు, తీయుటను పాటనియు మన తీరమువారందురు. దినమునకు రెండు పోటులు, రెండు పాటులు. ఒక పోటునకును మరియొక పోటునకును నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పట్టును. అందుచేత నేడు ఉదయము ఆరు గంటలకు పాటైనచో, రేపు ఇంచుమించు ఏడు గంటలకు పది నిమిషములు తక్కువగా నున్నప్పుడగును. అమావాస్యకును పున్నమకును సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసను కలియుటచేత, నీరు మిక్కిలి ఎక్కి మిక్కిలి తీయును. అండమానులలో అట్టి దినములందు హెచ్చుతగ్గులు ఇంచుమించు రెండు మీటర్లుండును. అష్టమినాటికి ఆ భేదము తగ్గును.

ఒడ్డున బస చేయువాడు ప్రతి ఉదయమును ఈ వేళలను ఇంటివారినడిగి తెలిసికొనవలెను. ఏలయన దీవిలో చూడదగిన వానిలో కొన్ని పాటు వేళనే కానవచ్చును. లక్ష్మణపురపు ఒడ్డున అలలు తొలిచిన సహజమైన రాతివంతెన యొకటి కలదు. బంగాళీయులు దానికి ముచ్చటగా హౌరా వంతెన యని పేరిడిరి. కలకత్తాలోని అసలు హౌరా వంతెన 1943లో తెరవబడినది. ఈ రాతివంతెన దానికంటె ఎంత పూర్వపుదో చెప్పనక్కరలేదు. నీరు తీసినప్పుడు రాళ్ల నడుమ గుంటలలో చిన్న చేపలును, పీతలును, పగడపు మొలకలును అద్దాల బీరువాలో నుంచినట్లు కనబడును.

అచ్చట నేనొక తప్పు చేసితిని. గంటలోపల తిరిగిరండని యజమానురాలు చెప్పి పంపియుండగా, గుంటలలోని వింతలను పిల్లలకు చూపుచు కాలము మరచితిని. పోటు ఆరంభమైనప్పుడు చప్పుడు చేయదు. వెనుకకు తిరిగి చూచునప్పటికి, మేము పొడికాళ్లతో వచ్చిన త్రోవలో మోకాలిబంటి నీరు నిలిచియుండెను. త్వరపడుటలో మా చిన్నమ్మాయి పాచిరాతిపై జారగా, పగడపు అంచు తగిలి అరికాలు తెగెను. పగడపు గాయము చిన్నదైనను సులభముగా చీము పట్టును. దాని పొడి గాయములో చిక్కుకొనుటయే దీనికి కారణము. కావున వెంటనే శుభ్రమైన మంచినీటితో బాగుగా కడుగవలెను.

బస చేరగానే ఆ యజమానురాలు ఏమియు అడుగక, రెండు కడవల తీయని నీరు తెచ్చి, బిడ్డ పాదమును ఒడిలో నుంచుకొని, గాయము తెల్లబడువరకు ధారగా పోసి కడిగెను. వంగమొక్కలకు బియ్యపు కడుగునీరు దాచు ఆ యిల్లాలు ఆ రెండు కడవలను లెక్కింపలేదు. పిదప దీవిలోని ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోయి కట్టు కట్టించితిమి. నాలుగు దినములలో మానెను.

ఒడ్డున దొరకు వస్తువులు

పిల్లలు గవ్వలను, పగడపు ముక్కలను ఏరుకొన ముచ్చటపడుదురు. ఏరుట తగదు. రాతివలె కనబడు పగడము నిజముగా అసంఖ్యాకములగు సూక్ష్మజీవులు తరతరములుగా కట్టుకొనిన యిల్లు. అది అలల బలమును విరిచి ఒడ్డును కాపాడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద గట్టి పగడములకు అత్యున్నతమైన రక్షణ కలదు. చచ్చి ఒడ్డునబడిన ముక్కనైనను తెచ్చుట నేరమే. ఖాళీగవ్వలును వృథాగా పడియుండవు. సన్యాసిపీత అను ప్రాణి తనకు పెంకు లేనందున ఖాళీగవ్వలో దూరి కాపురముండును. పెరిగిన కొలది పెద్ద గవ్వకు మారును. మనము తెచ్చుకొనిన ప్రతి గవ్వయు దానికి ఒక యిల్లు తక్కువ చేయును.

మరియు రెండు హెచ్చరికలు. కొబ్బరిచెట్టు నీడ చల్లనిదే గాని, కాయలున్న చెట్టు క్రింద కూర్చుండరాదు. అండమానుల మడ అడవులలోను, కొన్ని తీరములలోను ఉప్పునీటి మొసళ్లున్నవి. కావున హెచ్చరిక పలక ఉన్నచోట నీటిలో దిగరాదు, పలక లేనిచోటను ఇంటివారినడిగియే దిగవలెను.

నేల కంపించినచో

ఒడ్డునే బస చేయువారు మరువరాని దినమొకటి కలదు. 2004 డిసెంబరు 26, క్రిస్మసు మరునాటి ఆదివారము. ఆ యుదయము ఆరున్నర గంటల ప్రాంతమున సుమత్రా పడమటి తీరమున సముద్రగర్భములో 9.1 ప్రమాణము గల భూకంపము పుట్టెను. దానివలన లేచిన సునామీ హిందూమహాసముద్రపు తీరములన్నిటను కలిపి రెండు లక్షలకు మించిన ప్రాణములను బలిగొనెను. నికోబారు దీవులు ఘోరముగా దెబ్బతినెను. మన ఆంధ్రతీరమునకును ఆ యలలు చేరెను. దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగెను. ఉత్తరమున కొన్నిచోట్ల నేల లేచి పగడపు దిబ్బలు నీటిపైకి వచ్చి ఎండిపోయెను.

అప్పుడు మన సముద్రమునకు హెచ్చరిక ఏర్పాటు లేదు. ఇప్పుడున్నది, 2007లో అది మన హైదరాబాదునందే స్థాపింపబడినది. సముద్రము లేని నగరమునుండి నిపుణులు రేయింబవళ్లు సముద్రమును కనిపెట్టుచుందురు. అయినను భూకంపస్థానము దగ్గరిదైనచో హెచ్చరిక అందునంత వ్యవధి యుండకపోవచ్చును. కావున ఈ నియమమును కంఠస్థము చేయుడు: ఒడ్డుననున్నప్పుడు నేల గట్టిగా గాని చాలసేపు గాని కంపించినను, సముద్రము అకస్మాత్తుగా వెనుకకు పోయినను, వింత హోరు వినబడినను, సామానులకై ఆగక వెంటనే ఎత్తైన చోటికి పోవలెను. తొలి యల తగ్గగానే తిరిగిరారాదు. వెనుక వచ్చునవి మరింత పెద్దవి కావచ్చును. బసలో దిగిన తొలిగంటలోనే, ఎత్తైన చోటికి త్రోవ ఏదియో నడచి చూచుకొనుట బుద్ధిమంతుల లక్షణము.

బస కుదుర్చుకొనువారికి

గది తీసికొనుటకు ముందు నాలుగు సంగతులడుగవలెను. మొదటిది, నీరు ఎచ్చటిది, త్రాగుటకు తగినదేనా? రెండవది, దోమతెర కలదా? సంజవేళ ఇసుకలోని సన్న ఈగలు కాళ్లను కుట్టి బాధించును గనుక వంటినిండ బట్ట కప్పుకొనవలెను. మూడవది, భోజనము ఇంటిలోనే దొరకునా? మాకు దినమును అన్నము, పప్పు, తోటకూరలు, ఆవనూనెలో వండిన చేప లభించెను. నాలుగవది, స్టీమరు నిలిచినచో ఏమి గతి? మే మొదలు సెప్టెంబరు వరకు నైరుతి వానలు. సముద్రము పొంగినప్పుడు ఓడలు ఒకటి రెండు దినములు నిలిచిపోవచ్చును. కావున జనవరి మొదలు ఏప్రిలు నడుమ పోవుట మంచిది. తిరుగు ప్రయాణమునకు ఒక దినము మిగులునట్లును, కొంత నగదు చేత నుండునట్లును చూచుకొనవలెను.

అద్దెవిషయమున మితిమీరి బేరమాడరాదు. ఆ చిన్న మొత్తమే ఆ కుటుంబమునకు వానకాలపు ఆధారము. చెత్తను, విశేషించి ప్లాస్టిక్కు సీసాలను, ఆ దీవిలో విడువక వెంట తెచ్చుకొనవలెను. చిన్న దీవిలో చెత్తకు చోటు లేదు.

ముగింపు

అండమాను నికోబారులలో 2011 జనాభా లెక్కలనుబట్టి నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. కావున అచ్చట మన మాట వినబడుట అరుదు కాదు. కాని మాకు మేలు చేసిన యిల్లాలికి మన భాష రాదు, మా మతము వేరు. వెడలునాడు ఆ నీటికై ఏమైన నిత్తునని నేను చేసైగలతో తెలుపగా, ఆమె నవ్వి, మా చిన్నమ్మాయి తలపై చేయి యుంచెను.

అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడ పగిలి, అందలివారు మెలితే ద్వీపపు ఒడ్డున పడిన కథ మీరు వేదపాఠములలో చదివితిరి. వానలో చలిలో వణకుచున్న ఆ పరదేశులకు దీవివారు నిప్పు రాజవేసి అందరిని చేర్చుకొనిరి. వారి భాష వేరు, దేవతలు వేరు. అయినను వారి దయ మన గ్రంథమున నిలిచిపోయినది. ఆ కథను చదువునప్పుడెల్ల నేను చేర్చుకొనినవారిని మెచ్చుకొనుచుంటిని. చేర్చుకొనబడినవారి విధియేమని ఎన్నడును ఆలోచింపనైతిని. ఇప్పుడు తోచుచున్నది. అతిథి తనకు లభించిన నిప్పునందలి కట్టెలు ఎవరివో, కడవలోని నీరు ఎన్ని నెలలకు దాచినదో ఎరిగి, మితముగా వాడి, కృతజ్ఞతతో వెడలిపోవలెను.

మన పాఠశాల వసతిగృహమున కొళాయి విప్పి విడిచిపోవు విద్యార్థులు కొందరున్నారు. మన క్రింద ఉప్పు సముద్రము లేదు గనుక భయము లేదని వారు తలంచుచుందురు. మన నూతులును ఏటేట లోతునకు దిగుచున్నవి. ఆ కొళాయిని కట్టివేయుటకు అండమానుల దాక పోనక్కరలేదు. నేను మాత్రము అంతదూరము పోయి నేర్చుకొంటిని.